తడవని తెల్ల బూట్లు

పొద్దున పేపర్లో ఆయన ఫోటో వేశారు. రంగేసిన మీసాలు, భుజం మీద శాలువా, కింద పెద్ద అక్షరాలతో 'చెరువుల ప్రాణదాత ఇక లేరు' అని. టీ తాగుతూ చదువుతున్నాను. నవ్వొచ్చి టీ ముక్కులోకి పోయింది. మా ఆవిడ వచ్చి నెత్తి మీద నాలుగు చరిచి, "సచ్చిపోయినాయన ఫోటో సూసి నవ్వుతరా ఎవలన్న? జర బుద్ధుండాలె" అని కసిరింది. పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడొద్దని నాకూ తెలుసు. కానీ ఆయన బతికున్నన్నాళ్లూ ఆయన గురించి మంచిగానే మాట్లాడి మాట్లాడి నా నోరు అరిగిపోయింది. ఇప్పుడైనా నిజం చెప్పకపోతే ఈ నోరు ఇంకెందుకు?

పేరు మాత్రం చెప్పను. ఆయన పిల్లలు మంచివాళ్లు, ఎదురైతే ఇప్పటికీ ఆగి పలకరిస్తారు. చెరువుల పనులు చూసే ఓవర్సీరు ఆయన. పెద్దపల్లి చుట్టుపక్కల చెరువులు కొన్ని ఆయన కింద ఉండేవి, నేనూ ఆయన కిందే ఉండేవాణ్ణి. వర్క్ ఇన్‌స్పెక్టర్ అని నా హోదా వినడానికి బాగుంటుంది గానీ, అప్పటికది టెంపరరీ ఉద్యోగం. టేపు పట్టుకొని ఆయన ముందు నడవాలి, గొడుగు పట్టుకొని ఆయన వెనక నడవాలి. ఆయన ఎక్కడివాడో అనుకునేరు, కరీంనగర్లో పుట్టి పెరిగిన మన మనిషే. బయటివాడైతే తిట్టుకోవడానికి సులువుగా ఉండేది. ఆ సుఖం కూడా ఆయన మాకు లేకుండా చేశాడు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు మొహం గుర్తుకురాదు, బూట్లు గుర్తుకొస్తాయి. తెల్లటి కాన్వాసు బూట్లు. రోజూ పొద్దున అటెండరు వాటికి తెల్లరంగు రుద్ది, ఎండలో ఆరబెట్టి, రెండు చేతులతో పట్టుకొచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టాలి. చెరువుల ఆఫీసరుకు తెల్లబూట్లెందుకని ఎవరూ అడగలేదు. కట్ట మీద బురదగా ఉంటే జీపులోంచి రెండు గోనెసంచులు దించేవాళ్లం. ఆయన ఒకదాని మీద నిలబడతాడు, రెండోది ముందు పరుస్తాం. దాని మీదికి అడుగేస్తాడు, వెనకది లాగి మళ్లీ ముందు పరుస్తాం. ఇరవై గజాలు నడవడానికి పావుగంట. ఊళ్లో పిల్లలు ఈ తమాషా చూడటానికి బడి ఎగ్గొట్టి వచ్చేవాళ్లు. నేను ఆయన దగ్గర పదకొండేళ్లు చేశాను. ఆయన కాలు ఒక్కసారైనా చెరువు నీళ్లలో పడగా చూడలేదు.

చెరువు నీళ్లు ఆయన తాగేవాడు కూడా కాదు. ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లు ఫ్లాస్కులో తెచ్చుకునేవాడు. ఎవరైనా సర్వతో మంచినీళ్లిస్తే రెండు వేళ్లతో అంచు ముట్టుకొని, "ఇప్పుడే తాగిన" అనేవాడు. చెరువు కొర్రమట్టలంటే మాత్రం ప్రాణం. తనిఖీ అయిపోగానే జీపు వెనకసీటు కింద బకెట్లో నాలుగు కొర్రమట్టలు టపటపా కొట్టుకుంటూ ఉండాలి. అవి లేకపోతే ఆ చెరువు తనిఖీ సరిగ్గా జరగనట్టు. చెరువులో చేప కావాలి, చెరువులో నీళ్లు వద్దు.

ఏం చెప్పినా "నోటెడ్" అనేవాడు. రైతు వచ్చి తూము కారుతోందంటే నోటెడ్. నిండిన నీళ్లు పొర్లిపోయే మత్తడి రాళ్లు కదిలినయంటే నోటెడ్. అంటూ వేలితో కణత మీద టక్కున కొట్టుకునేవాడు, అక్కడే రాసిపెట్టుకున్నట్టు. జేబులో పెన్ను ఉండేది. దాని మూత తీయగా నేను చూసింది సంతకాలప్పుడే.

ఇక ఆయనకు ఇష్టమైన మాట ఒకటుంది. "నీళ్లకు తెలివి లేదయ్యా, మనకున్నది." ఈ మాట చెప్పి, గొడుగు కర్ర మొనతో కట్ట మట్టి మీద అడ్డంగా ఒక గీత గీసేవాడు. "ఇగో, గీ గీత దాటి నీళ్లు రావు. వస్తే నన్నడుగు." అట్లా ఎన్ని చెరువుల మీద ఎన్ని గీతలు గీశాడో లెక్కలేదు. మర్నాడు బర్రెలు తొక్కితే ఆ గీతలు పోయేవి.

అన్నిట్లోకీ పెద్ద చెరువు ఒకటుండేది. కట్ట మైలు పొడుగు. కట్ట కింద వాగు ఒడ్డున నలభై ఇళ్ల వాడ, అన్నీ మట్టిగోడలు, గడ్డికప్పులు. ఆ చెరువు నీరటి లచ్చవ్వ. నీరటి అంటే తెలియనివాళ్లకు చెబుతున్నా, చెరువు కాపలా, తూము తీయడం, మూయడం, ఎవరి పొలానికి ఎన్ని నీళ్లో పంచడం ఆ మనిషి పని. జీతం లేదు. కోతలప్పుడు కళ్లం దగ్గర ప్రతి రైతూ ఇంత వడ్లు మేర కొలిచి పెడతాడు, దాంతో బతకాలి. అది వాళ్ల మామ పని, తర్వాత మొగుడి పని. మొగుడు పోయాక ఊరు ఊకుంది గానీ, ఈమె పార భుజాన వేసుకొని తెల్లారి కట్ట మీదికి పోయింది. ఎవరూ వద్దనలేదు. మనిషి పొట్టి, మాట గట్టి.

ఆ చెరువులో కట్ట పొడుగునా నీళ్ల వైపు నాలుగు బారల వెడల్పున జమ్ము ఉండేది. మనిషెత్తు గడ్డి, బురదలో దుంపలు పాతుకొని గోడలా నిలబడేది. ఊళ్లో వాళ్లు చాపలకు, ఇంటికప్పుకు జమ్ము కోసుకునేవాళ్లే, కానీ చెరువు ఆ చివర, నీళ్లు తగ్గితే తేలే శికం భూమిలో కోసేవాళ్లు. కట్టను ఆనుకొని ఉన్నదాన్ని ముట్టేవాళ్లు కాదు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు మైసమ్మ కొంగు. కట్ట మీద మైసమ్మ గద్దె ఉంది కదా, ఆ తల్లి కొంగు నీళ్లలో పరుచుకుందట. మత్తడి దుంకిన రోజు యాటపోతును కోసి ఆ జమ్ము మీద పసుపు నీళ్లు చల్లేవాళ్లు.

మా సారుకు అది చెత్తలాగా కనపడింది. కరువు పనులు వచ్చిన ఏడు. కట్ట మీద గోనెసంచుల మీద నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని అన్నాడు.

"ఏందయ్యా ఇది? చెరువా, అడివా? ఫోటో తీస్తే నీళ్లు కనవడాలె గద. గీ చెత్తంత ఏర్లతోని పీకియ్యాలె."

లచ్చవ్వ పార కిందపెట్టి ముందుకొచ్చింది. "సారూ, నీ కాల్మొక్త. గది చెత్త గాదు. మైసమ్మ కొంగు. దానికి కొడవలి పెట్టద్దని మా అత్త చెప్పింది. మా అత్తకు ఆమె అత్త చెప్పిందట."

"మైసమ్మకు కొత్త చీర నేను కొనిస్త తియ్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లందరం నవ్వాం. నేనూ నవ్వాను, కాస్త గట్టిగానే.

"నవ్వకున్రి సారూ. గాలి లేసిన్నాడు నీళ్లు ఊకుంటయా? అల వచ్చి జమ్ముల వడ్డదంటే ఆడనే కూలవడ్తది. జమ్ము లేకుంటే వచ్చి కట్టను బుక్కుతది. ఒక్క బుక్క, ఇంకో బుక్క. మట్టికట్ట ఎంతసేపు ఆగుతది?"

"ఏం చదివినవ్ నువ్వు?"

"సదువేడిది సారూ."

"మరి నాకే చెప్తున్నవా? నీళ్లకు తెలివి లేదు, మనకున్నది." గొడుగు మొనతో గీత గీశాడు. "గీ గీత దాటి వస్తే నన్నడుగు."

"అడుగుదునే గని, గాలొచ్చిన్నాడు నువ్వీడ ఉంటవా?"

సారు మొహం ఎర్రబడింది. కణత మీద వేలితో కొట్టుకున్నాడు. "నోటెడ్" అన్నాడు. ఆయన పదకొండేళ్లలో నిజంగా మనసులో రాసిపెట్టుకున్న మాట అదొక్కటేనని తర్వాత తెలిసింది.

జమ్ము పీకింది వాగొడ్డు వాడవాళ్లే. ఆకలితో ఉన్న మనిషి చేతిలో కొడవలి పెట్టి, ఇది ఎవరి కొంగో నీకు తెలుసా అని అడిగితే ఏం చెబుతాడు? దణ్ణం పెట్టుకొని, మనసులో ఏదో గొణుక్కొని పీకారు. లచ్చవ్వ మాత్రం ఆ నెల్లాళ్లూ పనికి రాలేదు. ఇంట్లో తాగడానికి గటక లేకున్నా రాలేదు. దుంపలతో సహా పీకి, ఎండబెట్టి, కుప్పేసి తగలబెట్టాం. ఆ పొగకు రెండు రోజులు కట్ట మీద నిలబడలేకపోయాం. నీటికోళ్లు ఎటుపోయాయో ఆ ఏడు మళ్లీ కనపడలేదు. పెద్దపల్లి నుంచి ఫోటోగ్రాఫర్ వచ్చాడు. వెనక తళతళలాడే నీళ్లు, ముందు తెల్లబూట్లతో సారు, నడుము మీద చెయ్యి. ఆ ఫోటో ఆఫీసు గోడకు చాలా ఏళ్లుంది.

మరుసటేడు తనిఖీకి వచ్చి బకెట్లోకి తొంగిచూసి, "ఏందయ్యా, కొర్రమట్టలు గింత చిన్నగయినయ్?" అని పరేషానయ్యాడు. కొర్రమట్ట దాక్కునేది జమ్ములోనని, పిల్లలు పెట్టేది జమ్ములోనని ఎవరు చెప్పాలి ఆయనకు? నేనైతే చెప్పలేదు. ఈసారి వానలు తక్కువ సార్ అన్నాను.

ఆ పై ఏడు బతుకమ్మలు చెరువులో వేసిన వారానికి ముసురు పట్టింది. బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియో చెప్పింది. సముద్రం మాకు ఎంత దూరమో, అక్కడ పుట్టిన గాలి మా దాకా ఎందుకొస్తుందిలే అనుకున్నాం. చెరువు అప్పటికే నిండి మత్తడి దుంకుతోంది. సారు ముందురోజు సాయంత్రం నన్ను అక్కడ దించి, "నువ్ జర సూస్కో, నేను పొద్దుగాల్నే వస్త" అని జీపెక్కాడు. నేను ఊరి ఎత్తుగడ్డ మీదున్న బళ్లో పడుకున్నాను. పొద్దున ఆయన రాలేదు. గెస్ట్ హౌసులో మిర్చిబజ్జీలు వేయించుకొని తింటూ కూర్చున్నాడని తర్వాత డ్రైవరు చెప్పాడు.

తెల్లారి నేను కట్ట మీదికి పోయేసరికి లచ్చవ్వ అప్పటికే తూము తెరిచేసింది. కూతుర్ని వాడ మీదికి పంపింది, పిల్లల్ని ముసలోళ్లను తీసుకొని, గొడ్లను తోలుకొని అందరూ బడి గడ్డకు పొమ్మని. గాలి సూటిగా కట్ట మీదికి కొడుతోంది. చెరువు ఆ చివర పుట్టిన అల ఈ చివరకు వచ్చేసరికి నడుమెత్తు అవుతోంది. వచ్చి కట్టకు తగిలిన ప్రతిసారీ కాళ్ల కింద మట్టి అదిరేది. అల వెనక్కి పోతుంటే ఎర్రమట్టి దాంతోపాటు జారిపోయేది. ఆమె చెప్పినట్టే, ఒక్క బుక్క, ఇంకో బుక్క.

"తుమ్మకంప తేన్రి! రాళ్లు కట్టి దించున్రి!" అని అరిచింది. పదిమంది దిగారు. కంపమోపులు కట్టకు ఆనించి, రాళ్లు వేసి, అలకు అడ్డంగా ఒళ్లు పెట్టి నిలబడటమే పని. నేనూ దిగాను. ఎందుకు దిగానో ఇప్పుడు చెప్పలేను, అప్పుడు ఆలోచించలేదు. నాకు ఈత రాదు. మెడలోతు నీళ్లలో కాలు జారితే ఆమె నా చొక్కా దొరకబుచ్చుకుంది.

"ఈతొస్తదా సారూ?"

"రాదవ్వా."

"మరేం పాడుగాను దిగినవ్?" అని తిట్టి, తన కొంగు నా నడుముకు చుట్టి ముడేసింది. ఒక చేత్తో తూము రాయి పట్టుకుంది, ఇంకో చేత్తో కంపమోపు ఒత్తిపట్టింది. నాలుగైదు గంటలు అట్లాగే ఉన్నాం. కంపముళ్లు గుచ్చుకొని ఆమె చేతులు రక్తాలు కారడం చూశాను. నన్ను రెండుసార్లు అల లాగేస్తే రెండుసార్లూ ఆ కొంగు పట్టుకొనే ఒడ్డుకు ఆనుకున్నాను.

పగటి భోజనాల వేళకు గండి పడింది. సారు గీత గీసిన చోటే పడిందని చెప్పాలని నాకు చాలా ఇష్టం, కానీ అది అబద్ధం. దానికి ఇరవై గజాల అవతల పడింది. చూస్తుండగానే కట్ట నోరు తెరిచింది, చెరువు మొత్తం అందులోంచి కిందికి పోయింది. వాడలో ఒక్క గోడ నిలవలేదు. మేకలు కొట్టుకుపోయాయి, పొలాల మీద ఇసుక మేటలు వేసింది. మనిషి ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు. అందరూ బడిగడ్డ మీదున్నారు, లచ్చవ్వ పుణ్యాన.

మర్నాడు ఎండకాసింది. సారు వచ్చాడు. జీపు దిగుతూనే గోనెసంచులు అడిగాడు. ఇళ్లు పోయి, తడిబట్టలతో ఆడవాళ్లు ఏడుస్తూ నిలబడి ఉంటే, మేం ఆయన బూట్ల కింద సంచులు పరిచాం. గండి దాకా నడిచి, తొంగిచూసి, మొదట అన్నమాట ఇది: "నీరటి ఏడున్నది?"

జీపు బానెట్ మీద కాగితం పెట్టించి పంచనామా చెప్పడం మొదలుపెట్టాడు. "రాయి. సంఘటన సమయంలో నీరటి స్థలంలో హాజరు లేదు. తూము సకాలంలో తెరవలేదు. అందుచేత నీటి ఒత్తిడి పెరిగి గండి పడినది." ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, జమ్ము పీకించినాయన తప్పు నీరటి మీద పెట్టాడు. పైగా ఆడమనిషి, చదువు లేని మనిషి, వెనక ఎవరూ లేని మనిషి.

"సార్, ఆమె ఉన్నది. తూము తెరిచే ఉండె. నేను సూసిన" అన్నాను. మెల్లగానే అన్నాను.

ఆయన కోపపడలేదు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "నీ పర్మనెంట్ కాయితం నా టేబుల్ మీదనే ఉన్నది, యాదికున్నదా? మరి కట్ట నీ మీద ఇడిసిపెట్టి పోతిని గద. నీరటి ఉన్నదని రాస్తే తప్పెవలిదయితది? రాయి. నీ రాత ముత్యాలలెక్క ఉంటది."

రాశాను. నా రాత నిజంగానే బాగుంటుంది. కింద సాక్షి అని సంతకం కూడా పెట్టాను. పెళ్లయి ఆర్నెల్లు కాలేదు నాకు, బాపు మంచంలో ఉన్నాడు, ఇంకేం చేయను? ఎవరిని అడిగినా అదే చేసేవాళ్లు. చెప్పినవాడిది పాపం, రాసినవాడిది కాదు. ఇన్నేళ్లూ నాకు నేను ఇట్లాగే చెప్పుకున్నాను.

లచ్చవ్వను పిలిపించారు. రెండు చేతులకూ గుడ్డలు కట్టుకొని వచ్చింది. నేను రాసిన కాగితం సారు పైకి చదివాడు. ఆమె వింటూ ఒక్కసారి నా మొహం చూసింది. నేను టేపు చుట్టుకుంటున్నాను.

"పార ఆడ పెట్టి పో" అన్నాడు సారు.

"గిది సర్కారు పార గాదు సారూ. మా మామది."

"నీరటి పార నీరటి దగ్గరుండాలె. నువ్విప్పుడు నీరటివి గాదు."

వాడవాళ్లు గట్టిగా అరిచారు, ఆమె వల్లే బతికామని. పిల్లల తల్లులు ముందుకొచ్చి చెప్పారు. సారు కణత మీద కొట్టుకొని నోటెడ్ అన్నాడు. ఆమె పార తెచ్చి గోనెసంచి పక్కన పెట్టింది. బూట్లకు తగలకుండా కాస్త దూరంగానే పెట్టింది. ఆ ఏడు నుంచి కళ్లం దగ్గర ఆమెకు మేర లేదు. నాట్లకు, కలుపులకు కూలికి పోయింది. కొత్త నీరటి పటేలు ఇంటి మనిషి, ఎప్పుడు చూసినా మైసమ్మ గద్దె పక్కన పడుకొని ఉండేవాడు.

నేను పర్మనెంట్ అయ్యాను. సారు పైకి పోయాడు, ఇంకా పైకి పోయాడు. కొత్త కట్ట పోశారు. అది పోసిన రెండో వానాకాలం నేను తనిఖీకి పోతే, మోకాలిలోతు నీళ్లలో ఎవరో వంగి ఉన్నారు. లచ్చవ్వ. పై కుంటలోంచి జమ్ము దుంపలు తవ్వి, గంపలో తెచ్చి, ఒక్కొక్కటే బురదలో పెట్టి మడమతో తొక్కుతోంది. కూలికి పోయొచ్చి, పొద్దుగూకే లోపు ఒక గంట. ఆ రోజు నాలుగు గజాలు అయింది.

"ఎవలు చెప్పిన్రవ్వా?" అన్నాను.

"ఎవలు చెప్తరు? వాడకట్టు గీడనే ఉన్నది గద" అంది.

అప్పటినుంచి ఎప్పుడు పోయినా ఆమె దగ్గర ఆగేవాణ్ణి. కట్ట మీద నిలబడి సారును తిట్టేవాణ్ణి. ఆయన గోనెసంచులు, ఆయన ఫ్లాస్కు, ఆయన నోటెడ్. ఆయన గొంతుతో మాట్లాడి చూపించేవాణ్ణి. వాడ ఆడవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. లచ్చవ్వ నవ్వేది కాదు, "దుంపలు ఎండుతయ్" అని మళ్లీ వంగేది. కొన్నేళ్లకు ఆ ఆడవాళ్లు కూడా నీళ్లలోకి దిగారు. పిల్లలు గంపలు మోశారు. మెల్లగా జమ్ము కట్ట పొడుగునా పాకింది, నీటికోళ్లు వచ్చాయి, కొర్రమట్టలు వచ్చాయి.

మళ్లీ ఒక ఏడు అటువంటి గాలే వచ్చింది. కట్ట మీద నిలబడి చూశాను. చెరువు నడుమ నుంచి అల లేచి ఉరికొచ్చేది, జమ్ములో పడేది, అంతే. కట్ట దగ్గరికి వచ్చేసరికి నీళ్లు పళ్లెంలో నీళ్లలాగా ఊగేవి. కట్ట చెక్కుచెదరలేదు. చుట్టుపక్కల రెండు చెరువులు తెగాయి, ఇది తెగలేదు.

ఇది తెగలేదని పైవాళ్లకు తెలిసి సభ పెట్టారు. అప్పటికి రిటైరైన మా సారును పిలిచారు. కట్ట మీద టెంటు, మైకు, కుర్చీలు. ఆయన తెల్లబూట్లతో వచ్చి, మైకు ముందు నిలబడి, "నీళ్లకు తెలివి లేదు, మనకున్నది. జమ్ము అనేది కట్టకు రక్ష. నేను సర్వీసుల ఉన్నప్పటి నుంచి ఇదే చెప్పుకుంటొస్తున్న" అన్నాడు. పేపర్లో వేసిన ఈ ఫోటోలో ఉన్న శాలువా అప్పుడు కప్పిందే. చప్పట్లు కొట్టారు. మైకు పెట్టించింది నేనే, కుర్చీలు వేయించింది నేనే, కొట్టిన చప్పట్లలో నావీ ఉన్నాయి. లచ్చవ్వ టెంటు బయట ఆడవాళ్లతో కూర్చొని, కాళ్లకంటిన బురద గోటితో గీక్కుంటోంది.

ఇవాళ పేపరు చంకలో పెట్టుకొని బస్సెక్కాను. ఈ వార్త ఆమెకు నేనే చెప్పాలనిపించింది. ఇన్నేళ్లకు ఇద్దరం కలిసి ఒకసారి నవ్వుకోవచ్చు కదా. మా ఆవిడ "కందకు లేని దురద కత్తిపీటకెందుకు, పడి ఉండరాదు" అంది. వినలేదు.

లచ్చవ్వ ముసలిదైపోయింది. అయినా నీళ్లలోనే ఉంది. మొన్నటి వరదకు మత్తడి పక్కన కాస్త జమ్ము కొట్టుకుపోయిందట, అక్కడ మళ్లీ పెడుతోంది. కట్ట మీద నిలబడి పేపరు విప్పి గట్టిగా చదివాను. చెరువుల ప్రాణదాత అన్న దగ్గర ఆగి ఆమె మొహం చూశాను.

"సచ్చిపోయిండా? పాపం" అంది.

"పాపమా? అవ్వా, ఆయన నీ నోటికాడి బువ్వ తీసిండు. నిన్ను దొంగను చేసిండు. సిగ్గులేని మనిషి, మల్ల జమ్ము నాదే అన్నడు. నీకు జరంత కోపం రాదా?"

ఆమె నడుము మీద చెయ్యేసుకొని నిటారుగా నిలబడింది. చేతుల బురద నీళ్లలో కడుక్కుంది. కోపమేం లేదు గొంతులో, వాన గురించి మాట్లాడినట్టే మాట్లాడింది.

"గాయిన కట్ట దిగలే బిడ్డా. గాలి సూడలే, అల సూడలే, నన్ను సూడలే. సూడనోడు తోసింది చెప్పిండు. గాయిన మీద నాకేం కోపం? నువ్వు సూసినవ్ గద. నా కొంగు నీ నడుముకే ఉండె."

మళ్లీ వంగి, గంపలోంచి ఇంకో దుంప తీసి బురదలో పెట్టి, మడమతో తొక్కింది.

నేను పేపరు మడిచాను. కట్ట మీదే నిలబడి ఉన్నాను. నా చెప్పులు పొడిగానే ఉన్నాయి.